మద్దెల నిజంగానే ఓడైతే?

'ఆడలేక మద్దెల ఓడు' అని మనకో సామెత ఉంది. ఆట చేతకాని వాళ్ళు తప్పు మద్దెల మీదికి నెడతారని దాని అర్థం. చిన్నప్పటినుంచీ విని విని, ఏ ఆడపిల్లయినా 'నాకు అన్యాయం జరిగింది' అంటే చాలు, ముందు ఈ సామెతే నోటికొస్తుంది మనకి. కానీ మద్దెల నిజంగానే ఓడైతే? అప్పుడా పిల్ల ఏం చెయ్యాలి? ఈ వారం మీతో మాట్లాడాలనుకున్నది అదే. విషయం మాత్రం కాలేజీ బాస్కెట్‌బాల్.

ఈ పేజీకీ బాస్కెట్‌బాల్‌కీ ఏమిటమ్మా సంబంధం అనుకోకండి. మీలో చాలామంది కూతుళ్ళు, మనవరాళ్ళు అమెరికాలో ఉన్నారు. మార్చి నెల వచ్చిందంటే అక్కడ ఎవరి నోట విన్నా కాలేజీ బాస్కెట్‌బాల్ ముచ్చట్లే. మనకి ఐపీఎల్ ఎలాగో వాళ్ళకి అదలాగ. మరి ఆ ఆట గురించి అక్కడ ఏళ్ళ తరబడి వినిపిస్తున్న ఫిర్యాదు ఒకటుంది. 'ఆట మునుపటిలా లేదు, రిఫరీలు పాడుచేస్తున్నారు' అని. అబ్బాయిల ఆట గురించీ అంటారు, అమ్మాయిల ఆట గురించీ అంటారు. కాకపోతే ఆ రెండు చోట్లా అనే తీరు ఒకటి కాదు. నాకు పట్టింపు అక్కడే వచ్చింది.

ముందు అబ్బాయిల సంగతి చూద్దాం. 2011లో జాతీయ ఫైనల్లో కనెక్టికట్ జట్టు బట్లర్ జట్టుని 53-41 స్కోరుతో ఓడించింది. బట్లర్ కుర్రాళ్ళు 64 షాట్లు వేస్తే బుట్టలో పడినవి 12. దేశమంతా టీవీల ముందు కూర్చుని చూసిన ఫైనల్ అది! 2012-13 సీజన్‌కి వచ్చేసరికి ఒక్కో జట్టు సగటు స్కోరు 67.5 పాయింట్లకి దిగింది. 1952 తరవాత అంత తక్కువ ఎప్పుడూ లేదు. దానికి పెద్దలు ఏమన్నారు? కుర్రాళ్ళకి ఆట రావట్లేదని అనలేదు. 'డిఫెన్సు పేరుతో తోపులాట ఎక్కువైంది, రిఫరీలు విజిల్ ఊదట్లేదు, రూల్స్ గట్టిగా అమలు చెయ్యాలి' అన్నారు. అన్నట్టే 2013-14 నుంచి బంతి ఉన్న ఆటగాడి మీద చెయ్యి ఆనించి ఉంచినా, రెండు చేతులూ వేసినా, మాటిమాటికీ పొడిచినా ఫౌల్ ఇవ్వాల్సిందేనని రూల్స్‌లో రాశారు. 2015-16లో షాటు వెయ్యడానికిచ్చే గడువుని 35 సెకన్ల నుంచి 30కి తగ్గించారు. రోగం ఎక్కడుందో అక్కడే మందు వేశారన్నమాట.

అదే 2012-13లో అమ్మాయిల ఆట కూడా దిగజారింది. స్కోర్లూ, షాట్లు పడే శాతమూ అప్పటిదాకా లేనంత కిందికి పోయాయి. వంద షాట్లు వేస్తే నలభై కూడా పడని పరిస్థితి. ఆ సీజన్ మొదలవుతుండగానే, కనెక్టికట్ మహిళల జట్టుకి ఎన్నో టైటిళ్ళు తెచ్చిపెట్టిన కోచ్ జీనో ఆరియెమ్మా ఒక సలహా ఇచ్చాడు. బుట్టని కొన్ని అంగుళాలు కిందికి దించుదామని. వాలీబాల్‌లో ఆడవాళ్ళకి నెట్ తక్కువ ఎత్తులో కడతారు కదా, అలాగే అని. ఆయన చెడ్డ ఉద్దేశంతో అన్నాడని నేననను. అమ్మాయిల ఆట మీద ఆయనకున్న అభిమానం తక్కువదేం కాదు. కానీ చూడండి, అబ్బాయిల షాట్లు పడకపోతే అందరూ రిఫరీ వైపు చూశారు. అమ్మాయిల షాట్లు పడకపోతే చూపు అమ్మాయిల ఎత్తు మీదికి పోయింది!

ఆట తెలియని వాళ్ళ కోసం ఒక్క మాట చెప్పి ముందుకెళ్తాను. బాస్కెట్‌బాల్ ఒకరి మీద ఒకరు పడకుండా ఆడాల్సిన ఆట. బంతి చేతిలో ఉన్న అమ్మాయి బుట్ట వైపు పోతుంటే, ఎదుటి జట్టు పిల్ల ఆమె నడుం మీద చెయ్యి వేసి ఆపకూడదు. ఆపితే ఫౌల్. ఐదు ఫౌళ్ళయితే బయట కూర్చోవాలి. ఇప్పుడు రిఫరీ 'ఆడనివ్వండి, చిన్నదే కదా' అని ఒకటి వదిలేశాడనుకోండి. రెండోసారి చెయ్యికి బదులు మోచెయ్యి వస్తుంది. మూడోసారి భుజంతో గెంటడం. రెండు జట్ల కోచ్‌లూ చూస్తూనే ఉంటారు. ఇవాళ ఏది చెల్లుతుందో తెలిసిపోతుంది. గెంటితే చెల్లుతుందని తెలిశాక గెంటేవాళ్ళనే ఆడిస్తారు. ఒడుపుగా బంతి తిప్పే పిల్ల, దూరం నుంచి గురిచూసి వేసే పిల్ల బెంచీ మీదికి పోతుంది. స్కోరు పడిపోతుంది. చూసేవాళ్ళకి విసుగు. 'ఆడపిల్లల ఆటలో పసేముంది' అంటూ టీవీ కట్టేస్తారు. ఒక్క విజిల్ ఊదకపోవడం దగ్గర మొదలైన కథ ఎక్కడికి పోయిందో చూశారా?

అసలీ ఆటలో అమ్మాయిల కోసం రూల్స్ రాసిన చరిత్రే వింతగా ఉంటుంది. 1891 డిసెంబరులో స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ పీచ్ పళ్ళ బుట్టలు బాల్కనీకి కొట్టి ఈ ఆట మొదలుపెట్టాడు. కొన్ని నెలలకే పక్క ఊళ్ళోని స్మిత్ మహిళా కాలేజీలో వ్యాయామం నేర్పే సెండా బెరెన్సన్ అనే యువతి దాన్ని తన విద్యార్థినులకి తెచ్చింది. ఆ కాలానికి అదెంత సాహసమో! కానీ ఆడపిల్లలు మరీ పరుగెత్తితే ఆరోగ్యం పాడవుతుందని, మొరటుగా తయారవుతారని అప్పటి భయం. అందుకని ఆమె కోర్టుని మూడు ముక్కలు చేసి, ఎవరి ముక్కలో వాళ్ళే ఉండాలంది. చేతిలో బంతి లాక్కోకూడదంది. 1896లో స్టాన్‌ఫర్డ్, కాలిఫోర్నియా యూనివర్సిటీల అమ్మాయిలు మొదటిసారి తలపడితే మగవాళ్ళని లోపలికి రానివ్వలేదు. స్కోరెంతనుకున్నారు? 2-1. కోర్టంతా పరుగెత్తి ఐదుగురు ఐదుగురుగా ఆడే హక్కు కాలేజీ అమ్మాయిలకి 1971లో గానీ రాలేదు. అయోవా రాష్ట్రంలో హైస్కూలు ఆడపిల్లలు 1993 దాకా కూడా ఆరుగురి పాత పద్ధతిలో ఆడారు. ముగ్గురు ఒక సగంలో, ముగ్గురు ఇంకో సగంలో. మధ్య గీత దాటకూడదు. మన ఇళ్ళల్లో గడప దాటొద్దన్నట్టే ఉంది కాదూ?

అదే అయోవా నుంచి 2020 తరవాత కెయిట్లిన్ క్లార్క్ వచ్చింది. ఇక అమ్మాయిల ఆటకి పట్టిన దశ మీకు తెలిసే ఉంటుంది. 2024 మహిళల ఫైనల్‌ని అమెరికాలో 1 కోటి 80 లక్షల మందికి పైగా చూశారు. ఆ ఏడాది మగవాళ్ళ ఫైనల్‌కి వచ్చింది 1 కోటి 48 లక్షలు. ఆడవాళ్ళ ఫైనల్‌కి ఎక్కువమంది రావడం అదే మొదటిసారి. ఇందులో మాయేమీ లేదు. 2013-14లో అమ్మాయిలకి కూడా రూల్స్ మార్చారు. పది సెకన్లలో బంతిని సగం దాటించాలన్నారు. 2015-16లో ఆటని నాలుగు భాగాలు చేశారు. ఆట వేగం పుంజుకుంది. దానికి తోడు, పేరు తెచ్చుకున్న అబ్బాయిలు కాలేజీలో ఒక్క ఏడాది ఆడి ప్రొఫెషనల్ జట్లకి వెళ్ళిపోతుంటే, అమ్మాయిలు చాలామంది నాలుగేళ్ళూ ఉండి ఆడారు. ఒకరి కదలిక ఒకరికి తెలిసిన జట్లు వాళ్ళవి. ఈ మధ్య ఏటా జట్టు మారే పద్ధతి అమ్మాయిల్లోనూ వచ్చింది. దాని ప్రభావం ఎలా ఉంటుందో ముందు ముందు చూడాలి.

కాబట్టి అమ్మాయిల ఆట దిగజారిందంటే నేనొప్పుకోను. దిగజారింది ఆటని నడిపించే తీరు. ఆట ఎదిగినంతగా విజిల్ ఎదగలేదు.

2023 ఫైనల్ డల్లాస్‌లో జరిగింది. ఎల్.ఎస్.యు. 102, అయోవా 85. మహిళల ఫైనల్లో ఒక జట్టు వంద దాటడం అదే మొదలు. అంత మంచి మ్యాచ్‌లో జనం బయటికొచ్చి మాట్లాడుకున్నదేమిటి? రిఫరీల గురించి! నలభై నిమిషాల ఆటలో 37 ఫౌళ్ళు ఇచ్చారు. అటు ఏంజెల్ రీస్, ఇటు క్లార్క్, ఇద్దరు ముఖ్యమైన ఆటగత్తెలూ ఫౌళ్ళ భయంతో బెంచీ మీద కూర్చున్నారు. బంతిని రిఫరీకి ఇవ్వకుండా పక్కకి విసిరిందని క్లార్క్‌కి టెక్నికల్ ఫౌల్ ఇచ్చారు. అది ఆమెకి నాలుగోది. అక్కడే ఉంటున్న నా స్నేహితురాలు పదమూడేళ్ళ కూతుర్ని తీసుకుని ఆ మ్యాచ్‌కి వెళ్ళింది. 'అంత డబ్బు పోసి టిక్కెట్టు కొన్నది విజిల్ కచేరీ వినడానికా' అని ఫోన్లో ఒకటే గొణుగుడు. సీజనంతా చూసీ చూడనట్టు వదిలేసి, ఫైనల్ రోజున అన్నీ పట్టుకుంటే పిల్లలు దేన్ని నమ్మి ఆడాలి?

2024 సెమీఫైనల్లో అయోవా, కనెక్టికట్ జట్ల మధ్య ఒక్క పాయింటు తేడా. ఇంకా 3.9 సెకన్లుంది. బంతి కనెక్టికట్ చేతిలో ఉంది. అప్పుడు ఆ జట్టు అమ్మాయి అలియా ఎడ్వర్డ్స్ స్క్రీన్ వేస్తూ కదిలిందని ఫౌల్ ఇచ్చారు. స్క్రీన్ అంటే తన జట్టు పిల్లకి దారి దొరికేలా ఎదుటి పిల్లకి అడ్డంగా నిలబడటం. నిలబడాలి గానీ కదలకూడదు. అది ఫౌలేనా? రూల్ పుస్తకం ప్రకారం ఫౌలే అంటాను నేను. కానీ అలాంటివి ప్రతి మ్యాచ్‌లోనూ ఎన్ని పోవట్లేదు? చివరి నాలుగు సెకన్లలో గుర్తొచ్చే రూలు మొదటి పది నిమిషాల్లోనూ గుర్తుండాలి. అలా ఉంటే ఎడ్వర్డ్స్ అప్పటికే జాగ్రత్తపడేది. అయోవా 71-69తో గెలిచింది. గెలిచిన పిల్లలకి కూడా ఆ గెలుపు మీద మచ్చ మిగిలింది. అదీ నాకు బాధ.

ఇంకా విడ్డూరం అదే టోర్నీలో పోర్ట్‌లండ్‌లో జరిగింది. మూడు పాయింట్ల గీత అని ఒకటుంటుంది. దాని అవతలనుంచి వేస్తే మూడు పాయింట్లు. కోర్టుకి ఒక వైపు ఆ గీతని తొమ్మిది అంగుళాలు దగ్గరగా గీశారు. నాలుగు మ్యాచ్‌లు అయిపోయాయి, ఎవరూ చూడలేదు! ఐదో మ్యాచ్ ముందు బయటపడింది. సరిచేసేంత టైము లేక, కోచ్‌లిద్దరూ ఒప్పుకుని అలాగే ఆడించారు. అంతకు కొద్దిరోజుల ముందు ఇంకో మ్యాచ్‌లో ఒక రిఫరీ ఆడుతున్న జట్లలో ఒక దాని యూనివర్సిటీలో చదువుకున్నదని సగం ఆట అయ్యాక తెలుసుకుని ఆమెని మార్చారు. పెళ్ళిచూపులకి కూడా ఇంతకంటే ముందుగా వివరాలు కనుక్కుంటాం మనం.

ఇది రిఫరీలని తిట్టడానికి రాస్తున్నది కాదు. వాళ్ళ బతుకూ చూడాలి. వాళ్ళు జీతగాళ్ళు కారు. మ్యాచ్‌కింతని డబ్బు తీసుకుని, ఇవాళ ఒక ఊళ్ళో, రేపు వేల మైళ్ళ అవతల ఇంకో ఊళ్ళో ఊదుతారు. సరిగా నిద్ర ఉండదు. జాతీయ టోర్నీలో కూడా మహిళల మ్యాచ్ రిఫరీకిచ్చేది మగవాళ్ళ మ్యాచ్ రిఫరీకిచ్చే దానికంటే తక్కువగా ఉండేది. 2022లో గానీ సమానం చెయ్యలేదు. అదైనా ఊరికే రాలేదు. 2021 టోర్నీలో మగపిల్లలకి పెద్ద హాలు నిండా వ్యాయామ యంత్రాలు పెట్టి, ఆడపిల్లలకి ఒక్క స్టాండు డంబెల్స్ ఇస్తే, ఆరెగాన్ జట్టు అమ్మాయి సెడోనా ప్రిన్స్ వీడియో తీసి లోకానికి చూపించింది. దాంతో గొడవై, విచారణ జరిగి, లెక్కలన్నీ బయటికొచ్చాయి. తక్కువ డబ్బిచ్చే చోట విజిల్ నేర్చుకుని, ఎక్కువ ఇచ్చే చోటికి వెళ్ళిపోవాలని ఎవరికి మాత్రం ఉండదు?

సరే, అమెరికా అంత గొప్ప దేశంలోనే ఇలా ఉంటే మన సంగతేమిటి?

మా అక్క కూతురు డిగ్రీ కాలేజీలో గార్డుగా ఆడేది. చిన్న పిల్ల, ఎత్తూ అంతంత మాత్రమే, కానీ బంతి ఆమె చేతిలో పాదరసంలా ఉండేది. ఒక జిల్లాలో అంతర్ కళాశాలల పోటీలకి వెళ్తే నేనూ తోడు వెళ్ళాను. సిమెంటు కోర్టు, మిట్టమధ్యాహ్నం ఎండ. ఆడపిల్లలకి ఎప్పుడూ ఆ టైమే ఇస్తారు, సాయంత్రం చల్లబడ్డాక అబ్బాయిలకి. షాట్ గడియారం లేదు. ఊదుతున్నాయన అబ్బాయిల ఫైనల్‌కి టైమవుతోందని మాటిమాటికీ చేతి గడియారం చూసుకుంటున్నాడు. మా పిల్ల కంటి కింద మోచెయ్యి తగిలి కమిలిపోయింది. విజిల్ లేదు. ఆట మధ్యలో నీళ్ళకోసం వచ్చి, 'పిన్నీ, చెయ్యి పట్టుకుని లాగుతున్నా సారు చూడట్లేదు. రెండుసార్లు చెప్పాను. మూడోసారి నేనూ లాగేశాను. నాకిచ్చారు ఫౌల్' అంది. ఆటయ్యాక ఆయన్ని అడిగితే, 'ఆడపిల్లల ఆట కదమ్మా, అన్నీ ఊదుతూ కూచుంటే ఎప్పటికవుతుంది' అన్నాడు నవ్వుతూ. మర్యాదస్తుడే. తనేం చేశాడో తెలియని మర్యాదస్తుడు. ఆ పిల్ల తరవాతి ఏడాది పేరు ఇవ్వలేదు. వాళ్ళ నాన్న 'దెబ్బలు తిని రావడానికేనా ఈ ఆటలు' అన్నారు. ఆయన్నేం అనగలం?

ఇంకోటి కూడా చెప్పాలి. ఆడవాళ్ళ బాస్కెట్‌బాల్ బంతి వేరు. అంతర్జాతీయ నియమాల ప్రకారం మగవాళ్ళకి 7వ నంబరు, ఆడవాళ్ళకి 6వ నంబరు. చుట్టుకొలతలో దాదాపు అంగుళం తేడా, బరువూ కాస్త తక్కువ. అమెరికా కాలేజీ అమ్మాయిలు 1984-85 నుంచే చిన్న బంతితో ఆడుతున్నారు. మన దగ్గర నేను చూసిన కాలేజీల్లో చాలాచోట్ల స్టోర్ రూములో ఉన్నది 7వ నంబరు బంతే. అబ్బాయిలు ఆడి ఆడి నున్నగా అరిగిపోయాక అమ్మాయిలకిస్తారు. ఆ బంతి చేతికి అందక జారిపోతే 'గ్రిప్ లేదు' అంటారు.

మన దేశంలో ఆడపిల్లలకి ఆట రాక కాదు. కేరళ నుంచి గీతూ అన్నా జోస్ 2011లో అమెరికా ప్రొఫెషనల్ మహిళా జట్ల ట్రయల్స్ దాకా వెళ్ళింది. తమిళనాడు అమ్మాయి అనితా పాల్‌దురై 2021లో పద్మశ్రీ తీసుకుంది. వారణాసి నుంచి అక్కచెల్లెళ్ళు వరసగా దేశానికి ఆడారు. మరి మన జిల్లాల నుంచి, మన కాలేజీల నుంచి ఎందుకు అలా రావట్లేదని అడిగితే, ఎంసెట్ కోచింగని, ఇంటర్‌తో ఆటలు మానేస్తారని, తల్లిదండ్రులు పంపరని లిస్టు చదువుతారు. అవన్నీ నిజమే. ఆ లిస్టులో విజిల్ ఊదిన సారు పేరు మాత్రం ఎప్పుడూ ఉండదు.

మీ అమ్మాయి కాలేజీలో ఆడుతుంటే ఈసారి మ్యాచ్‌కి వెళ్ళండి. ఊరికే చప్పట్లు కొట్టి రావద్దు. ఊదేవారికి రాష్ట్ర సంఘం వాళ్ళు పెట్టే పరీక్ష పాసయిన సర్టిఫికెట్టు ఉందా అని అడగండి. ఇద్దరు రిఫరీలు ఉండాల్సిన చోట ఒక్కరే ఎందుకున్నారని అడగండి. అమ్మాయిల మ్యాచ్ సాయంత్రం పెట్టడానికి అడ్డమేమిటని అడగండి. పదిమంది తల్లులు అడిగితే ప్రిన్సిపాల్ గారు వినకుండా ఉండలేరు, ఫీజు కట్టేది మనమే. ఆడి మానేసిన అమ్మాయిలు మీ ఇంట్లో ఉంటే, రిఫరీ పరీక్ష రాయమని చెప్పండి. పెళ్ళయినా, పిల్లలున్నా చెయ్యగల పనే. అమెరికాలో వయొలెట్ పామర్, డీ కాంట్నర్ అనే ఇద్దరు ఆడవాళ్ళు 1997లోనే మగవాళ్ళ ప్రొఫెషనల్ మ్యాచ్‌లకి విజిల్ పట్టుకున్నారు. మన అమ్మాయిల మ్యాచ్‌కి మన అమ్మాయి ఊదడానికి ఇంకెన్నాళ్ళు?

మ్యాచ్ మొదలయ్యేముందు బంతిని ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. నంబరు బంతి మీదే అచ్చేసి ఉంటుంది. ఏడుంటే, ఆరు తెమ్మనండి.